రెండున్నర బాక్స్‌వుడ్ మొక్కలు

ఎనిమిదేళ్ల కిందట మూడు బాక్స్‌వుడ్ మొక్కలు తెచ్చుకున్నాను. ఇప్పుడు రెండున్నర ఉన్నాయి. ఆ అర మొక్క ఎలా తయారైందో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

ఎక్కడో ఒక ఫొటో చూశాను. బాటకి రెండు పక్కలా నున్నటి ఆకుపచ్చ బాక్స్‌వుడ్ బంతులు, ఎవరో దొర్లించి వదిలేసినట్టు. మొక్కని కత్తిరిస్తూ కత్తిరిస్తూ బంతిలానో పిట్టలానో ఆకారం తెప్పించడాన్ని టోపియరీ అంటారని అప్పుడే తెలిసింది. కత్తెరుంటే చాలు, ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాను. క్షవరం చేయించుకున్న ప్రతివాడికీ క్షవరం చేయడం కూడా వచ్చనే అనిపిస్తుంది కదా.

నర్సరీకి వెళ్లి, ఆకారం తెప్పించి పెట్టిన బంతి రేటు అడిగాను. విన్నాక కాసేపు మాట రాలేదు. "పదేళ్లు పెంచాం కదండీ" అన్నాడు ఆయన. అందులో అతిశయం లేదని ఇప్పుడు తెలుసు. మామూలు బాక్స్‌వుడ్ ఏడాదికి పెరిగేది 10, 15 సెంటీమీటర్లు. సఫ్రుటికోసా అనే పొట్టి రకమైతే అందులో సగం కూడా ఉండదు. ఇంత నిదానంగా పెరగబట్టే దాని కర్ర నీళ్లలో మునిగిపోయేంత చిక్కగా ఉంటుంది. ఒకప్పుడు చదరంగం పావులు, పిల్లనగ్రోవులు, బొమ్మలు అచ్చేసే దిమ్మలు దీంతో చేసేవాళ్లు. చిన్న చిన్న ఆకులు, దగ్గర దగ్గర కణుపులు, ఎక్కడ తుంచితే అక్కడ జంటగా చిగుళ్లు. టోపియరీకి కావలసిన గుణాలన్నీ ఉన్నాయి, తొందర తప్ప. నాకు ఉన్నది అదొక్కటే.

అడుగెత్తు మొక్కలు మూడు తీసుకున్నాను. పక్క వరసలో అచ్చం ఇలాంటిదే ఇంకో మొక్క ఉంది, జపనీస్ హాలీ. రెంటికీ తేడా ఆయనే చూపించాడు: ఆకులు కొమ్మకి ఎదురెదురుగా జంటలుగా ఉంటే బాక్స్‌వుడ్, అటొకటి ఇటొకటి ఉంటే హాలీ. అప్పట్లో ఈ సమాచారం నాకెందుకులే అనుకున్నాను.

రెండు నేలలో, ఒకటి కుండీలో పెట్టాను. నేలలోవి గాలికి ఊగకుండా ఉంటాయని లోతుగా గుంట తీసి, మొదలు నాలుగు వేళ్ల మేర మట్టిలోకి పోయేలా పాతాను. బాక్స్‌వుడ్ వేళ్లు పైపైన పాకే రకం, వాటికి గాలి కావాలి. పైగా మాది బంకమట్టి. ఓ వారం ముసురు పట్టేసరికి గుంటలో నీళ్లు నిలిచి, ఆకుల మెరుపు పోయింది. నీళ్లు తక్కువయ్యాయేమోనని ఇంకో బకెట్ పోశాను! నాలుగు రోజుల తర్వాత అనుమానం వచ్చి తవ్వి చూస్తే అడుగు వేళ్లు గోధుమరంగుకి తిరిగి, చేతివేళ్ల మధ్య నలిపితే పైతోలు ఊడొచ్చేంత మెత్తగా ఉన్నాయి. కుళ్లిన వేళ్లు కత్తిరించేసి, కంపోస్ట్ కలిపిన మట్టిని తిన్నెలా పోసి, వేళ్ల ముద్ద నేలకన్నా రెండు వేళ్లు ఎత్తులో ఉండేలా మళ్లీ నాటాను. పైన ఆకు చెత్త పరిచాను, అదీ ఓ రెండంగుళాలే, మొదలుకి తగలకుండా. వేళ్లు పైనే ఉంటాయి కాబట్టి ఆ చుట్టూ బొరిగె పెట్టను, కలుపు చేత్తోనే పీకుతాను.

కుండీలోదాని కథ ఇంకో రకం. చలికాలం ముగిసేసరికి ఆకులు నారింజ రంగుకి తిరిగాయి. రోగమేమో అని టెన్షన్ పడి దానికీ దీనికీ మందులు కొట్టాను. అది రోగం కాదు, ఆకలి. చిన్న కుండీ, వేళ్లు గిరికీలు కొట్టి నిండిపోయాయి, ఏడాదిగా ఎరువు లేదు. పెద్ద కుండీకి మార్చి, నెమ్మదిగా కరిగే ఎరువు వేస్తే వేసవి సగానికి పచ్చబడింది. ఎరువు విషయంలో ఒక్కటే జాగ్రత్త, నత్రజని దంచి పొయ్యకూడదు. పొడుగ్గా మెత్తటి చిగురొస్తుంది, ఆకారం చెదురుతుంది, పురుగుకి విందు.

రెండో ఏడు మొదటి కత్తిరింపు. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిమీద ఉండగా మొదలుపెట్టాను. నేలలోని ఎడమ మొక్కకి కుడి పక్క కాస్త ఎక్కువ ఉందని కత్తిరించాను. ఎడమ పక్క ఎత్తయింది. అటు కత్తిరించాను. ఇటు ఎత్తయింది. రెండు పిల్లులకి రొట్టె పంచిన కోతి కథ గుర్తుందా, తక్కెడ ఎటు మొగ్గితే అటు కొరుక్కుంటూ పోయి చివరికి రొట్టె మొత్తం మింగేస్తుంది. సరిగ్గా అదే. గంటలో మొక్క సగమైంది. పోనీ గుండ్రంగా ఉందా అంటే, మా అమ్మాయి వచ్చి "నాన్నా, ఇది బంతా, బంగాళదుంపా?" అంది.

రెండు రోజులకి ఇంకో సంగతి బయటపడింది. పైనున్న ఆకుల అంచులన్నీ ఎండి తెల్లబోయాయి. కత్తెర కొమ్మనే కాదు, ఆకునీ అడ్డంగా కోస్తుంది. ఆ పచ్చి అంచుకి ఎండ తగిలితే మాడుతుంది. అంతకాలం నీడలో ఉన్న లోపలి లేత ఆకులు కూడా ఒక్కసారిగా ఎండకి బయటపడి కమిలిపోయాయి. అప్పట్నుంచీ మబ్బు పట్టిన రోజు కోసం కాచుకుంటాను. మబ్బు ఉండాలి, వాన ఉండకూడదు. తడి ఆకుల మీద కత్తెర పెడితే తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి అంటుకుంటుంది.

బంతి పట్టుబడింది మూడో ఏడు, అదీ ఒక తీగ పుణ్యాన. మందపాటి ఇనుప తీగని 40 సెంటీమీటర్ల వ్యాసంతో అర్ధచంద్రంలా వంచి, రెండు కొసలూ నేలలో గుచ్చి మొక్క మీద కమానులా నిలబెట్టాను. తీగ దాటి బయటికొచ్చిందంతా కత్తిరించడం, తీగని జానెడు పక్కకి జరపడం, మళ్లీ కత్తిరించడం. చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయ్యేసరికి కొలత దానంతటదే కుదిరింది. నా కంటిని నమ్మడం మానేసిన రోజు అది.

చేతి పని కూడా అప్పుడే కాస్త అర్థమైంది. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. ఒకేచోట నిలబడి ఒక పక్క మొత్తం పూర్తి చేయకూడదు, నాలుగు కోతలు వేసి ఓ అడుగు పక్కకి జరగాలి. పెద్ద కత్తెరని మామూలుగా పట్టుకుంటే బ్లేడు కొసలు బంతి ఒంపులోకి గుచ్చుకుని గంటు పడుతుంది. దాన్నే తిరగేసి పట్టుకుంటే ఒంపు వెంబడి జారుతూ పోతుంది. ఈ ఒక్క చిట్కా ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా బంగాళదుంప కాలం ఒక ఏడాది తగ్గేది. బ్లేడుకి జిగురు పట్టినకొద్దీ కోత తెగదు, చీలుతుంది. అందుకే పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని ఐదు నిమిషాలకోసారి ముంచి తుడుస్తాను. మొక్క మారేటప్పుడు స్పిరిట్‌తో తుడుస్తాను. కింద పాత దుప్పటి పరవడం మరిచిపోయారో, ఆ గోరంత ముక్కలు ఏరేసరికి నడుం పడిపోతుంది. ఆ ముక్కలు పశువులకి వెయ్యొద్దు, విషం. నాకైతే ముంజేతుల మీద దద్దుర్లు కూడా వస్తాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను.

ఎప్పుడు కత్తిరించాలన్నదీ దెబ్బ తినే నేర్చుకున్నాను. వసంతంలో వచ్చిన చిగురు లేత పచ్చ నుంచి ముదురు రంగుకి తిరిగాక ఒకసారి. ఇంగ్లండ్‌లో జూన్ మొదట్లో జరిగే డెర్బీ గుర్రప్పందేల రోజుని దీనికి గుర్తుగా పెట్టుకుంటారట. వేసవి చివర పైపైన ఇంకోసారి. నేను ఒక ఏడు బద్ధకించి శరదృతువులో కత్తిరించాను. దానికి వచ్చిన చిగురు ముదిరేలోపే మంచు కురిసి, కొసలన్నీ నల్లబడ్డాయి. వసంతం దాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.

కత్తిరించినప్పుడల్లా ఒక వాసన. మొదటి ఏళ్లలో పక్కింటి పిల్లి మా తోటలో పని కానిస్తోందనుకుని, దాన్ని తెగ తరిమాను. పాపం దాని తప్పేం లేదు, బాక్స్‌వుడ్ ఆకు వాసనే అంత. ఇంగ్లండ్ రాణి ఆన్ ఈ వాసన పడకే హాంప్టన్ కోర్ట్ రాజభవనం తోటలోంచి దీన్ని పీకించేసింది. రోమన్లకి మాత్రం పట్టలేదు. మొక్కల్ని ఇలా కత్తిరించడం అగస్టస్ చక్రవర్తి స్నేహితుడు గయస్ మేషియస్ కనిపెట్టాడని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాసిపెట్టాడు. ఆయన మేనల్లుడు చిన్న ప్లినీ తోటలోనైతే బాక్స్‌వుడ్‌ని జంతువుల్లానే కాదు, అక్షరాల్లా కూడా కత్తిరించేవారట. యజమాని పేరూ, తోటమాలి పేరూ. తోటమాలికి కూడా పేరు రాసుకునే చోటిచ్చాడంటే ఆ పనిలో ఎంత చాకిరీ ఉందో ఆయనకి తెలిసే ఉంటుంది.

కుండీ మొక్కని శంకువులా చేశాను. బంతికన్నా తేలిక. మూడు వెదురు పుల్లల్ని చుట్టూ గుచ్చి పైన ముడేసి, వాటి వెంబడి కోసుకుపోవడమే. అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉంటే కింది కొమ్మలకీ వెలుతురు అందుతుంది, తలకిందులైతే కింద బోడి అవుతుంది. దాన్నే మెలికల చుట్టుగా మారుద్దామని రిబ్బన్ చుట్టి గుర్తు కూడా పెట్టాను. ప్రూనర్‌తో మొదటి కొమ్మ కోశాక చెయ్యి వణికింది. ఆపేశాను. ఆ గాయం పూడటానికి రెండేళ్లు పట్టింది.

ఇక అసలు కథ. ఐదో ఏటికి నేలలోని రెండు బంతులూ నిండుగా తయారయ్యాయి. ముఖ్యంగా కుడి పక్కది. చేత్తో నిమిరితే గొర్రె వీపు నిమిరినట్టు ఉండేది. వచ్చినవాళ్లు దాని దగ్గర ఆగి ఫొటో తీసుకునేవాళ్లు. ఒకరోజు దాని కింద పడ్డ గొట్టం తీద్దామని వంగి, ఆకుల మధ్య చెయ్యి పెట్టి తెరిచి చూశాను. పైన రెండంగుళాల మందాన పచ్చటి పెంకు, లోపల వట్టి పుల్లలు. ఆ పుల్లల పంగల్లో ఏళ్ల తరబడి రాలిన ఎండుటాకులు కుక్కినట్టు నిండి, చెయ్యి పెడితే చెమ్మగా తగిలాయి. పైన పటారం, లోన లొటారం. ఏటా రెండుసార్లు అంచులే కత్తిరిస్తుంటే కొసల్లోనే చిగుళ్లు గుంపుకట్టి, లోపలికి వెలుతురూ గాలీ పోవు. అలా తడి ఆరని చోటే తెగులుకి ఇల్లు.

తెగులంటే బాక్స్ బ్లైట్. 1990ల మధ్యలో బ్రిటన్‌లో బయటపడింది, 2011 నాటికి అమెరికాలో కూడా కనబడింది. ఆకు మీద గోధుమరంగు మచ్చలు, లేత కొమ్మల మీద పొడుగ్గా నల్లటి చారలు, ఆ తర్వాత జలజలా ఆకు రాలడం. రాలిన ఆకుల్లో ఆ శిలీంధ్రం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. మా మొక్కలకి ఇంతవరకూ రాలేదు. కానీ ఆ రోజు లోపలి కొమ్మలు ఒక్కొక్కటే పట్టుకుని చారల కోసం వెతుకుతుంటే, గుండె దడదడలాడింది.

దీనికి ఉపాయం, బంతికి కన్నాలు పెట్టడం. చలికాలం చివర్లో లోపలికి చెయ్యి పోనిచ్చి, అక్కడక్కడా జానెడు పొడుగు కొమ్మల్ని పంగ దగ్గర తుంచెయ్యాలి. గుప్పెడంత కంత పడుతుంది. బంతి నిండా అలా పది పదిహేను కంతలు. తర్వాత మొక్కని పట్టుకుని ఊపి, లోపలి ఎండుటాకులన్నీ రాల్చి ఎత్తిపోయాలి. ఎడమ పక్క బంతికి ఇదంతా చేశాను. చిమ్మటలు కొట్టేసిన స్వెట్టర్‌లా తయారైంది. మా అమ్మాయి దాని దగ్గర నిలబడి ఏమీ అనలేదు, అదే పెద్ద విమర్శ. వేసవి సగానికి కంతల్లోంచి లోపలి పుల్లలకి కొత్త ఆకులొచ్చాయి.

కుడి పక్కదానికి చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు. అంత అందంగా ఉన్నదాన్ని పాడు చెయ్యడం దేనికి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను.

వచ్చే ఏడు వసంతంలో పురుగొచ్చింది. బాక్స్ ట్రీ మాత్ అని, తూర్పు ఆసియా నుంచి బయల్దేరి 2007లో జర్మనీలో కనబడి యూరప్ అంతా పాకి, 2018లో టొరంటో చేరిన రెక్కల పురుగు. తెల్లటి రెక్కలు, చుట్టూ గోధుమరంగు అంచు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తినేది దాని గొంగళి. కుడి బంతి మీద సాలెగూడులాంటిది వారం ముందే చూశాను, సాలీడే అనుకుని వదిలేశాను. పని మీద ఊరెళ్లి పది రోజులకి తిరిగొచ్చేసరికి, ఇంటివైపు ఉన్న సగం బంతి ఎండుగడ్డి రంగులో ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ఆకులకి కండ లేదు, పల్చటి పొర మిగిలింది. కొమ్మల మధ్య తెల్లటి గూడు, గూడు నిండా ఆవగింజలంత ఆకుపచ్చ పెంటికలు. ఒక కొమ్మ విదిలిస్తే దారం పట్టుకుని నాలుగు పురుగులు కిందికి జారాయి. పసుపుపచ్చ ఒళ్లు, నల్లటి తల, పక్కల నల్ల చారలు, ఒక్కొక్కటి నా చిటికెన వేలిలో సగం పైనే.

ఆ రాత్రి టార్చ్ నోట్లో కరుచుకుని, సబ్బు నీళ్ల డబ్బాలో ఏరి వేశాను. 60 దాటాక లెక్క ఆపేశాను. పెంకు లోపలికి చెయ్యి దూరదు, దూరినచోట ఎండుటాకుల్లో ఏది పురుగో ఏది పుల్లో తెలియదు. ఎడమ బంతిలోనూ పురుగులున్నాయి గానీ, కంతల్లోంచి లోపలంతా కనిపిస్తోంది, అరగంటలో ఏరడం అయిపోయింది. మర్నాడు సాయంత్రం రెంటికీ బిటి కొట్టాను. అది బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బాక్టీరియా మందు. ఆకుతో పాటు కడుపులోకి పోతేనే పనిచేస్తుంది, చిన్న గొంగళ్ల మీదే బాగా పనిచేస్తుంది, ఎండకి త్వరగా చచ్చుబడుతుంది. అందుకే పొద్దు వాలాక, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టాలి, వానపడితే మళ్లీ కొట్టాలి. ఎడమదానికి అదృష్టం. కుడిదానిలో అప్పటికే పురుగులు ముదిరి, ఆకులైపోయి బెరడు గీకడం మొదలుపెట్టాయి. బెరడు పోయిన కొమ్మ ఇక రాదు.

పీకేసి జపనీస్ హాలీ పెడదామా అని చాలా రోజులు ఊగాను. ఈ పురుగు దాని జోలికి పోదు, కత్తిరింపుకీ లొంగుతుంది. నర్సరీ ఆయన చూపించిన ఆకుల తేడా అప్పుడు గుర్తొచ్చింది. గోటితో బెరడు గీకి చూశాను. వీధివైపు కొమ్మల్లో ఇంకా పచ్చదనం ఉంది, ఇంటివైపు కూడా మొదలు దగ్గర పచ్చగానే ఉంది. మరుసటి వసంతంలో ఇంటివైపు సగాన్ని మొదలుకి బెత్తెడు ఎత్తులో మోడులుగా నరికేశాను. వీధివైపు సగం అలాగే ఉంచాను. వీధిలోంచి చూస్తే నిండు బంతి, మా వసారాలోంచి చూస్తే కోసిన పుచ్చకాయ.

నెలన్నర ఆ మోడుల మీద ఏమీ లేదు. తర్వాత ముసలి బెరడు చీల్చుకుని, గుండుసూది తలకాయలంత పచ్చటి చుక్కలు వచ్చాయి. అన్నీ జంటలుగా. ఆ ఏడంతా కత్తెర దగ్గరికి తీసుకెళ్లలేదు. రెండో ఏడు, అంటే ఈ ఏడు, పొడుగ్గా పోతున్నవాటి కొసలు మాత్రం తుంచాను, గుబురు కట్టడానికి. ప్రతి వసంతంలో ఆకులు జంటగా అతుక్కుని ఉన్నచోటల్లా విడదీసి చూస్తాను, చలికాలమంతా పిల్ల గొంగళ్లు ఆ రెండాకుల మధ్య గూడు కట్టుకుని దాక్కుంటాయి. పోయినేడాది ఏడు దొరికాయి, ఈసారి రెండు.

నిన్న సాయంత్రం 40 సెంటీమీటర్ల తీగని తెచ్చి ఆ మొక్క మీద నిలబెట్టి చూశాను. వీధివైపు ఆకులు తీగకి తగులుతున్నాయి. ఇంటివైపు చిగుళ్లకీ తీగకీ మధ్య నా అరచెయ్యి దూరేంత ఖాళీ ఉంది. మా అమ్మాయి వెనకనుంచి వచ్చి, "ఎన్నాళ్లు నాన్నా?" అంది. ఏడాదికి 10 సెంటీమీటర్లు వేసుకుని లెక్క కడుతుంటే, వీధివైపు సగానికి కంతలు పెట్టడం ఇంకా మిగిలే ఉందని గుర్తొచ్చింది. తీగ మళ్లీ మేకుకి తగిలించి ప్రూనర్‌కి నూనె పెట్టాను.